నీడ ఎక్కకముందే

ఓడ రేవు వదిలిందో లేదో నేను కుడికన్ను మూసుకుని ఎడమకంటితో ఎదురుగా ఉన్న ఇనుప కమ్మీల వంక చూశాను. పై కమ్మీ ఉంది, నడిమి కమ్మీ ఉంది, అన్నిటికన్నా కింద తుప్పు పట్టిన కమ్మీ ఉంది, దాని కింద నా చెప్పులున్నాయి. చెప్పులు కనిపిస్తున్నాయి గనక ఇంకా ఏమీ కాలేదు. కన్ను తెరిచి, పది దాకా లెక్కపెట్టి, మళ్ళీ మూశాను. పై కమ్మీ, నడిమి కమ్మీ, కింది కమ్మీ, చెప్పులు. వాటన్నిటి మీదుగా మసి రేణువులు మెల్లగా దిగుతున్నాయి. పొయ్యి మీద గొట్టం దులిపితే రాలే మసి లాంటిదే, కాకపోతే నేలకు చేరదు, కన్ను ఎటు తిప్పితే అటు కొట్టుకుపోయి మళ్ళీ మొదటికి వస్తుంది. వాటి మధ్య ఒక దారం ముక్క, రెండు ఉంగరాలు. ఎడమ మూలన మెరుపు. ఆకాశంలో మబ్బు లేదు, నాలుగు రోజులుగా నా ఒక్కదానికే మెరుస్తోంది. మా దీవిలోని సీదీ యూసుఫ్ రేవు నుంచి అవతలి ఒడ్డున సఫాక్స్ పట్నానికి గంటా పావు. గాలి లేకపోతే. ఇవాళ గాలి ఉంది, నిన్నటి కంటే తక్కువే, నిన్నయితే ఓడే వేయలేదు. నిన్నంతా రేవులో నిలబడి సముద్రాన్ని తిట్టి ఇంటికి వెళ్ళిపోయాం.

“అలా కొంగలా ఒంటికన్ను మూసి తెరుస్తుంటే ఎవరో కన్నుకొడుతున్నావనుకుంటారే, మన్నూ. అరవై దగ్గరపడ్డాయి, కాస్త సిగ్గుపడు” అంది మా అక్క సాల్హా. అక్క నాకు ఎడమవైపు కూర్చుంది. ఎక్కడ కూర్చున్నా నన్ను తన కుడివైపు ఉంచుకుంటుంది, ఎందుకంటే ఆమె ఎడమకన్ను చూడదు. పన్నెండేళ్ళుగా చూడదు. నేను తలతిప్పి చూస్తే ఆమె ముఖం మీద కూడా మసి రాలింది. తెల్లటి సఫ్సారీ కప్పుకుని, దాని అంచు పళ్ళతో పట్టుకుని, రెండు చేతులతో ఒళ్ళోని బుట్టను పట్టుకుంది. బుట్టలో బార్లీ రొట్టె, ఖర్జూరాలు, ఎండబెట్టిన ఆక్టోపస్ ముక్క ఉన్నాయి. ఆసుపత్రికి పోతూ ఇవెందుకే అంటే, అక్కడివాళ్ళు మనల్ని ఎంతసేపు కూర్చోబెడతారో నీకు తెలుసా అంది. ఆమెకు తెలుసు. నాకూ తెలుసు.

అక్కకి నేను చెప్పలేదు. ఆమే కనిపెట్టింది. మొన్న పొద్దున టీ తాగుతూ నేను మూడుసార్లు చేయి విసిరాను, ముఖం ముందు ఈగ తిరుగుతున్నట్టు. నాలుగోసారి అక్క నా మణికట్టు పట్టుకుంది. “ఈ చలిలో ఈగ ఎక్కడిదే” అంది. ఆమె గ్లాసు కింద పెట్టి నా కుడికంటి మీద అరచేయి అడ్డంపెట్టి, నెమ్మదిగా, తలనొప్పి ఎప్పటినుంచని అడిగినంత మామూలుగా అడిగింది: “మెరుపులు ఎప్పటినుంచి?” నిన్నటినుంచి అన్నాను. అబద్ధం. అప్పటికి రెండు రోజులు. అరవై ఏళ్ళు వస్తున్నా అక్కతో అబద్ధమాడటానికి నాకు ఎంతసేపూ పట్టదు. పది నిమిషాల్లో నన్ను మా ఊరి దవాఖానా నర్సు ముందు నిలబెట్టింది. ఆ పిల్ల టార్చి వేసి చూసి, ఇక్కడ ఏం చూసినా లాభం లేదు, కంటి వెనక గోడ చూడాలి, దానికి యంత్రం సఫాక్స్‌లో ఉంది, ఇవాళే వెళ్ళండి, రేపు కాదు, ఇవాళే అంది. ఆ ఇవాళ గాలికి కొట్టుకుపోయింది, దాని మర్నాడు కూడా.

మొదటి మెరుపు నీళ్ళలో వచ్చింది. పోటు తగ్గి మోకాళ్ళ లోతు ఉన్న చోట, ఈత మట్టలు పాతిన మా చేపల కంచెకి అవతల, వంగి ఆక్టోపస్ బొక్కలు చూసుకుంటూ నడుస్తున్నాను. బొక్క ముందు గవ్వలు పోగేసి ఉంటే లోపల అది ఉన్నట్టే. కొక్కెం దూర్చాను, పట్టుకుంది, లాగాను, రాయిని వదల్లేదు, ఇంకా లాగాను. అప్పుడు కంటి ఎడమ అంచున తెల్లగా వంపు తిరిగిన గీత, కొడవలి మెరిసినట్టు. ఎండ నీళ్ళ మీద పడిందనుకున్నాను. రెండోసారి, మూడోసారి. తల పైకెత్తేసరికి ఆకాశంలోకి ఎవరో గుప్పెడు మిరియాలు విసిరారు. నేను ఆ నీళ్ళలో అలాగే నిలబడిపోయాను. కొక్కేన్ని వదిలేసి ఆక్టోపస్ ఎటో పోయింది. అది ఏమిటో నాకు తెలియనట్టు నటించడానికి ప్రయత్నించాను, ఎవరి ముందు నటిస్తున్నానో తెలియదు, చుట్టూ మైలు దూరం మనిషి లేడు. నాకు తెలుసు. ఈ మాటలే, మెరుపులు, మిరియాలు, ఇవే మాటలు పన్నెండేళ్ళ కిందట అక్క నాతో అంది. అందుకే చెప్పలేదు. చెబితే అక్క, నాకూ ఇలాగే మొదలైంది అంటుంది. ఆ తర్వాత ఇద్దరం ఆగిపోతాం. ఆ ఆగిపోయిన చోట నిలబడటం కన్నా కన్ను పోయినా మేలనిపించింది. నిజంగా అనిపించింది. మొదటి రాత్రి గడిచేసరికి ఆ ధైర్యం పోయింది.

పై కమ్మీ, నడిమి కమ్మీ, కింది కమ్మీ, చెప్పులు.

కమ్మీలకి ఓ పక్కగా, మా ఎదుటి బెంచీ మీద చేపల పెట్టెలతో ఒక నడివయసు మనిషి కూర్చున్నాడు. నా వంక అదేపనిగా చూసి, “కంట్లో ఏమైనా పడిందా, హాజ్జా” అన్నాడు. నేను హజ్‌కి వెళ్ళలేదు, తల నెరిసిన ప్రతి ఆడదాన్నీ అలాగే పిలుస్తారు. “తేనె వేయండి. ఒక్క చుక్క. మా అత్తకి శుక్లాలు వస్తే తేనెతోనే కరిగిపోయాయి” అన్నాడు. అక్క పళ్ళ మధ్య నుంచి సఫ్సారీ అంచు వదిలి, “మీ అత్త ఇప్పుడు చూస్తోందా నాయనా” అంది. “చనిపోయింది, దేవుడు కరుణించుగాక.” “చూడు మన్నూ, తేనెతో అన్నీ కరిగిపోతాయి” అంది అక్క. ఆయన నవ్వాలో వద్దో తెలియక పెట్టెల తాడు బిగించుకున్నాడు. నాకు నవ్వు వచ్చింది. నవ్వితే తల కదిలింది, తల కదిలితే మెరిసింది, నవ్వు ఆపేశాను. ఎంత కదలాలో, ఎంత కదలకూడదో ఎవరూ చెప్పలేదు. దగ్గవచ్చా. తుమ్మవచ్చా. ఓడ అల మీదకు ఎక్కి దిగినప్పుడల్లా నా లోపల ఏదో ఊగి ఎక్కడో పట్టుకున్నది ఇంకాస్త వదిలేస్తుందేమోనని వీపుని బెంచీకి అతికించి పెట్టాను.

పన్నెండేళ్ళ కిందట ఆ మాట చెప్పినప్పుడు అక్క పొయ్యి దగ్గర ఉంది. అది నా కూతురు వఫా పెళ్ళిలో మూడో రోజు, గోరింటాకు రోజు. ఏడు రోజుల పెళ్ళి. మా దీవిలో పెళ్ళి అంటే అక్క పాడాలి, అక్క వండాలి, దర్బుకా డోలు అక్క చేతికే రావాలి. పెద్ద రాగి గిన్నె మీద కుస్కుస్ రవ్వ ఆవిరికి ఉడుకుతోంది. నేను ఎవరి కోసమో పరుగెత్తుతున్నాను, ఎవరి కోసమో ఇప్పుడు గుర్తులేదు, అక్క నా చేయి పట్టి ఆపింది. మన్నూ, నా ఎడమకంట్లో మెరుపులు వస్తున్నాయే, నిన్న మిరియాలు రాలినట్టు ఉంది, ఇవాళ కింది నుంచి నల్లగా నీళ్ళు ఎక్కుతున్నట్టు ఉంది అంది. సరిగ్గా ఆ మాటే, నీళ్ళు ఎక్కుతున్నట్టు. నేను ఆమె కంటిలోకి చూశాను. చూశానని అనుకుంటాను. కన్ను మామూలుగానే ఉంది, ఎర్రగా కూడా లేదు. “పొగ అక్కా. మూడు రోజులుగా నిద్రలేదు. ఇప్పుడు ఎవరితోనూ అనకు, పిల్ల పెళ్ళిలో దిగులు. ఆదివారం అయిపోగానే నేనే తీసుకెళ్తాను” అన్నాను. ఆమె నా చేయి వదిలేసింది. ఆ వదలడం నాకు ఇప్పటికీ మణికట్టు దగ్గర తెలుస్తుంది. ఆ సాయంత్రం అక్క పాడింది. ఆ తర్వాతి రోజూ పాడింది. పెళ్ళి వీడియోలో ఉంది, ఐదో రోజు ఆమె దర్బుకా వాయిస్తూ తల ఒక పక్కకు వంచి చూస్తుంది, కోడి చూసినట్టు. తొమ్మిదో రోజు సఫాక్స్ వెళ్ళాం. రెండుసార్లు ఆపరేషన్ చేశారు. ఊడిన పొరని మళ్ళీ గోడకి అంటించారు, కానీ చూపు మధ్యభాగం ఎక్కువ రోజులు నీళ్ళలో నానిపోయింది, తిరిగి రాదన్నారు. వెలుగు తెలుస్తుంది, ముందు చేయి ఊపితే తెలుస్తుంది, అంతే.

ఆ తర్వాత అక్క నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ మరుసటి చలికాలం ఆమె నాతో నీళ్ళలోకి వచ్చింది. బొక్క కనిపించింది, కొక్కెం దూర్చింది, జానెడు పక్కన ఇసుకలో గుచ్చుకుంది. ఇంకోసారి, ఇటువైపు జానెడు. ఒంటికన్నుకి నీళ్ళ లోతు తెలియదని మాకు అప్పుడే తెలిసింది. ఐదారుసార్లు ప్రయత్నించి నవ్వి, దీనికి ఈ ఏడాది ఆయుష్షుంది, పో అని కొక్కెం నా చేతికిచ్చి ఒడ్డుకి నడిచింది. ఒడ్డు ఎక్కేటప్పుడు రాయి ఎత్తు తెలియక కాలు తట్టుకుంది. నేను చూడనట్టు వంగాను. అప్పటినుంచి నేను పడతాను, ఆమె రాతికేసి బాది ఎండబెడుతుంది. మా ఇంట్లో రొట్టె విరిస్తే పెద్ద ముక్క ఆమెకి. చేపలో పొట్టభాగం ఆమెకి. ఎండలో కుర్చీ ఆమెకి. మా ఆయన ఉన్నన్నాళ్ళూ అంటుండేవాడు, నువ్వు మీ అక్కకి సేవ చేస్తున్నావా, శిక్ష అనుభవిస్తున్నావా అని. ఆయనకి నేను చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. పొయ్యి దగ్గర మేమిద్దరమే.

పై కమ్మీ, నడిమి కమ్మీ, కింది కమ్మీ. కింద నలుపు.

చెప్పులు లేవు. అడ్డంగా, కొంచెం ఏటవాలుగా, నలుపు. కుడికన్ను తెరవడం మరిచిపోయాను. ఎక్కింది, అనుకున్నాను, ఇక సఫాక్స్ ఎందుకు, ఇంకా సగం సముద్రం ఉంది, ఓడవాడితో ఏమని చెప్పను, తొందరగా పోనీయమని చెప్పనా, ఇది ఎంత వేగంగా ఎక్కుతుంది, మోకాళ్ళ లోతు నుంచి నడుము దాకా రావడానికి పోటుకి మూడు గంటలు, దీనికెంత. నా చేయి అక్క బుట్ట మీద పడి ఖర్జూరాలు దొర్లాయి. “అక్కా, ఎక్కింది” అన్నాను. ఆమె వంగలేదు, కంగారు పడలేదు. “ఎక్కడ?” “కింద.” “కన్ను పైకి తిప్పు. వెంట వస్తోందా, అక్కడే ఉందా?” తిప్పాను. “అక్కడే ఉంది.” “గడ్డం ఎత్తు. ఇప్పుడు?” గడ్డం ఎత్తాను. నలుపుకి అంచున ఎర్ర పువ్వులు కనిపించాయి. నా తలగుడ్డ కొస గాలికి జారి బుగ్గ మీదకి వచ్చింది. అక్క దాన్ని తీసి నా చెవి వెనక దోపింది. “లోపలిదైతే కంటితో పాటు తిరుగుతుంది. బయటిదైతే తిరగదు. అంచు తిన్నగా ఉంటే గుడ్డో గోడో. వంపుగా, వణుకుతూ ఉంటే అది” అంది. ఎదుటి మనిషి వంగి ఖర్జూరాలు ఏరి ఇచ్చాడు, తేనె మాట ఎత్తలేదు. వాటిని బుట్టలో వేస్తుంటే ఒక ఆలోచన వచ్చింది, కన్ను పోయిన మనిషికి ఇంత వివరంగా ఎలా తెలుసు, పోయేటప్పుడు ఇవన్నీ చూసుకునే తీరిక ఆమెకి లేదు, కుస్కుస్ వండుతోంది. ఇది ఎవరో రోజూ చేసే పని. ఆ ఆలోచనని పట్టుకునే లోపల సఫాక్స్ ఫాస్ఫేటు గుట్టలు కనిపించాయి, జనం లేచారు, ఓడలోని లారీలు ఇంజన్లు వేశాయి, నేను నా చెప్పుల వంక చూసుకుంటూ మెట్లు దిగాను.

ఆసుపత్రిలో కంట్లో చుక్కలు వేశారు. అరగంటలో గోడ మీది కాగితాలన్నీ పాలలో ముంచినట్టు అయ్యాయి. డాక్టర్ ఇహ్సాన్ మా వఫా వయసుది, గొంతు బొంగురు, చేతులు వెచ్చగా ఉన్నాయి, పిన్నిని పిలిచినట్టు నన్ను ఖాలా అంది. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, నుదుటికి దీపం కట్టుకుని, చిన్న లోహపు పుల్లతో రెప్ప మీద నుంచి కనుగుడ్డుని నొక్కుతూ చూసింది. పైకి చూడు ఖాలా, నీ ఎడమచెవి వైపు చూడు, కిందికి చూడు. వెలుగు మెదడు దాకా గుచ్చుకుంది. ఒకచోట ఆమె చేయి ఆగింది. మళ్ళీ అక్కడికే వచ్చింది. నేను ఊపిరి బిగపట్టి ఆమె ఊపిరి విన్నాను.

“ఉంది. పైభాగంలో, గుర్రపు నాడా ఆకారంలో చిరుగు. పొర ఇంకా ఊడలేదు. సమయానికి వచ్చావు” అంది.

నేను లేచి కూర్చున్నాను. ఆమె తన పిడికిలి పట్టి చూపిస్తూ చెప్పింది, కంటి నిండా గుడ్డు తెల్లసొన లాంటి జిగురు ఉంటుందని, వయసుతో అది పలచబడి ముడుచుకుని వెనక గోడని వదిలి ముందుకు జరుగుతుందని, చాలామందికి నెమ్మదిగా వదిలేస్తుందని, కొందరికి, అందులోనూ దూరపు చూపు లేక మందపాటి అద్దాలు పెట్టుకునేవాళ్ళకి, ఒకటి రెండు చోట్ల రెటీనాని గట్టిగా పట్టుకుని వదలదని. “లాగినప్పుడల్లా నీకు మెరుపు. చిరిగినప్పుడు కాస్త నెత్తురు చిందుతుంది, అదే నీ మిరియాలు. ఆ చిరుగులోంచి నీరు పొర వెనక్కి దూరితే పొర గోడ నుంచి ఊడి వస్తుంది, అప్పుడు నీడ.” మూల కుర్చీలోంచి అక్క, “ఆక్టోపస్ రాయిని వదలకపోతే చర్మం ఊడి వస్తుంది, అలాగన్నమాట” అంది. డాక్టర్ తలతిప్పి మొదటిసారి అక్కని చూసింది. “అలాగే ఖాలా.” “నేను బరువు లాగడం వల్ల వచ్చిందా” అనడిగాను. “కాదు. నువ్వు మంచం మీద పడుకుని ఉన్నా వచ్చేదే.” “పాపం చేసినవాళ్ళకి వస్తుందా” అని కూడా నోటిదాకా వచ్చింది, మింగాను.

లేజర్‌కి గడ్డం యంత్రం మీద పెట్టమన్నారు, కంటికి మొద్దుబారే చుక్క వేసి ఒక అద్దం ఆనించారు. చిరుగుని కుట్టడం కాదు, దాని చుట్టూ గట్టు కడతాను, మూడు వరసల చుక్కలు కాలుస్తాను, ఆ మచ్చలు గట్టిపడి పొర గోడకి అతుక్కుంటుంది, రెండు వారాలు పడుతుంది అంది డాక్టర్. ఆకుపచ్చ వెలుగు. టక్కు టక్కున. లోకమంతా ఆకుపచ్చగా మెరిసి ఆరిపోవడం, మళ్ళీ మెరవడం. మొదట నొప్పి లేదు, తర్వాత కంటి వెనక లోతుగా పంటి నరం లాగినట్టు. కదలకు ఖాలా. కదల్లేదు. లెక్కపెడదామనుకుని వంద దాటాక వదిలేశాను. ఆ పచ్చటి మెరుపుల మధ్య నాకు పొయ్యి కనిపించింది, ఆవిరిలో అక్క ముఖం, ఆ రోజే తీసుకొచ్చి ఉంటే ఆమెకీ ఇదే చేసి ఉండేవారు, నీడ కాస్త ఎక్కింది గనక ఇంకాస్త పెద్ద ఆపరేషన్ చేసి ఉండేవారేమో, కానీ కన్ను ఉండేది, కొక్కెం దూర్చితే తగిలేది, కాలు రాతికి తట్టుకునేది కాదు. కన్నీళ్ళు కారాయి. డాక్టర్ అవి లేజర్ వల్లే అనుకుని, అయిపోయింది, ఇంకో పది అంది.

అయిపోయాక ఎడమకంటిలో ఊదారంగు చీకటి తప్ప ఏమీ లేదు. కాసేపటికి చూపు వస్తుందని, మసి రేణువులు కొన్ని నెలలుంటాయని, వారం పాటు బరువులెత్తవద్దని, నీళ్ళలో వంగవద్దని, మెరుపులు పెరిగినా నీడ కనిపించినా ఆ రోజే రావాలని, వారం తర్వాత చూపించుకోవాలని చెప్పింది. అన్నిటికీ అక్కే తల ఊపింది. అప్పుడు డాక్టర్ కాగితం మీద రాస్తూ, తల ఎత్తకుండా, “మీ అక్క ఎడమకన్ను ఎప్పుడు పోయింది?” అంది. పన్నెండేళ్ళయిందన్నాను. “ఇలాగే?” ఇలాగే. “కుడికన్ను ఎవరు చూస్తున్నారు?” “అందులోంచి నేనే చూస్తున్నాను, ఇంకెవరు చూడాలి” అంది అక్క, బుట్ట అందుకుని లేస్తూ. డాక్టర్ కలం పక్కన పెట్టింది. “ఒంట్లో ఉన్నది ఒక్కటే కన్ను, మీ ఇంట్లో వరసగా వస్తున్న జబ్బు. కూర్చో ఖాలా, చుక్కలు వేయిస్తాను.” “ఓడ వెళ్ళిపోతుంది.” “సాయంత్రం ఇంకొకటి ఉంది.” “గాలి లేస్తుంది.” అంటూనే అక్క తలుపు దాటి నడవాలోకి వెళ్ళిపోయింది.

నేను గోడ తడుముకుంటూ వెనకే వెళ్ళాను. అక్క బెంచీ మీద కూర్చుని రొట్టె విరుస్తోంది, తినడం లేదు, ఊరికే ముక్కలు చేస్తోంది. ఆమెలో భయం నేను ఏనాడూ చూడలేదు. చూశాను కాబోలు, గుర్తుపట్టలేదు. పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో పన్నెండేళ్ళు ఆలోచించాను, అవేవీ గుర్తురాలేదు. “అక్కా, ఆ రోజు పొయ్యి దగ్గర నేను ఆపకపోయి ఉంటే నీ కన్ను ఉండేది” అన్నాను. “ఇవాళ నేను ఆపను. లోపలికి పద.”

ఆమె రొట్టెలో మిగిలినదీ విరిచేసింది. ఒళ్ళో అంతా ముక్కలు.

“నువ్వు ఆపావనుకుంటున్నావా?” అంది. “ఆ మర్నాడు వఫా మామగారు కారులో రేవుకి పోతూ, సఫాక్స్‌లో పనుంది, ఎవరైనా వస్తారా అని వాకిట్లో అడిగాడు. నేను వినలేదా? విన్నాను. వంటింట్లోకి పోయి గిన్నెల వెనక కూర్చున్నాను. నాన్నని ఆ రేవులో నడిపించి ఎక్కించాం, శవపెట్టెలో దించుకున్నాం. ఆ ఆసుపత్రి పేరు ఎత్తితే నాకు కాళ్ళు ఆడవు. నువ్వు వద్దన్నావు. నాకు హాయిగా అనిపించింది, మన్నూ. ఆదివారం దాకా హాయిగా ఉన్నాను.”

“మరి పన్నెండేళ్ళు నాతో ఎందుకు అనలేదు?”

“తప్పు నీ మీద ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.”

నాకు కోపం వచ్చింది. పశ్చాత్తాపం తీరితే తేలికపడతారంటారు, నాకు మాత్రం చెంపలు మండాయి. “పన్నెండేళ్ళు రొట్టెలో పెద్ద ముక్క నీకే పెట్టాను” అన్నాను. “తెలుసు. తిన్నాను” అంది. నడవాలో పోయేవాళ్ళు మా వంక చూశారు. ఆమె తన మంచి కంటి మీద అరచేయి పెట్టుకుని తీసింది, మళ్ళీ పెట్టుకుంది, తీసింది. “రోజూ పొద్దున లేవగానే గుమ్మం చూస్తాను. పై చట్రం, తలుపు, గడప. గడప కనిపిస్తే లేస్తాను. కనిపించని రోజు లేవకూడదనుకున్నాను. ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. ఇప్పుడు ఆ పిల్ల దీపం పెట్టి చూసి, ఉందంటే?” “ఉందంటే గట్టు కడుతుంది. నొప్పి పంటి నరం లాగినట్టు ఉంటుంది, నువ్వు ఓర్చుకోలేవు, కేకలు పెడతావు, పరువు పోతుంది” అన్నాను. “నీకంటే నయం, నీకు ముక్కు కూడా కారింది” అంది. ఆమె లేవలేదు. నేను ఆమె ఒళ్ళో ముక్కలన్నీ బుట్టలోకి దులిపి, చంక కింద చేయి వేసి లేపాను. బరువులెత్తవద్దని చెప్పారని అప్పుడు గుర్తొచ్చింది. ఆమెకీ గుర్తొచ్చినట్టుంది, నా చేయి తీసేసి తనే లేచింది.

చుక్కలు వేశాక ఆమెకి ఇక ఏ గుమ్మమూ సరిగ్గా కనిపించలేదు. అరగంట నా మోచేయి పట్టుకుని కూర్చుంది, గోళ్ళు దిగాయి. లోపల ఆమె గడ్డాన్ని యంత్రం మీద డాక్టరే పట్టి పెట్టాల్సి వచ్చింది. రెండుసార్లు వెనక్కి లాగేసుకుంది. నేను వెనక నిలబడి, ఆమె తలని రెండు చేతులతో పట్టుకున్నాను. జుట్టులో పొగ వాసన, ఉప్పు వాసన. డాక్టర్ చూసింది. పైకి, పక్కకి, కిందికి. నా విషయంలో ఒకచోట ఆగింది గనక, ఎక్కడ ఆగుతుందోనని నేను డాక్టర్ భుజం వంకే చూశాను. ఆగలేదు. అంతా తిరిగి మొదటికి వచ్చింది. నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు, నా అరచేతుల కింద అక్క కణతలు కొట్టుకోవడం ఒక్కటే తెలుస్తోంది.

“శుభ్రంగా ఉంది ఖాలా. జిగురు దానంతట అదే వదిలేసింది, ఎప్పుడో ఏళ్ళ కిందటే, నీకు తెలియకుండానే. చిరుగు లేదు. పలచబడిన చోటు కూడా లేదు” అంది డాక్టర్, దీపం ఆర్పి.

అక్క కదల్లేదు. కుర్చీ చేతులు వదల్లేదు. వినీ వినపడనట్టు, “కింది వైపు చూశావా?” అంది.

“చూశాను.”

“అడుగు దాకా?”

“అడుగు దాకా.”

“ఇంకోసారి చూడు తల్లీ. నేను కదలను.”

బయట వరసలో జనం ఉన్నారు, తలుపు దగ్గర ఎవరో రెండుసార్లు దగ్గారు. డాక్టర్ ఇహ్సాన్ వాళ్ళ వంక చూడలేదు, నా వంకా చూడలేదు, స్టూలు మళ్ళీ ముందుకు లాక్కుని దీపం వెలిగించింది. ఈసారి ఎవరూ పట్టుకోకుండానే అక్క గడ్డం తీసుకెళ్ళి యంత్రం మీద పెట్టింది.